నలభై కుటుంబాల సంఘం పేటకి ఏం చేయగలదు? పిడికెడు బియ్యంతో మా అనుభవం

మీరు అడిగింది ఇది: మీది నలభై కుటుంబాల చిన్న క్రైస్తవ సంఘం. చుట్టూ ఉన్న పేటకి ఏదైనా చేయాలని యవ్వనస్థులకి ఉంది. చేతిలో డబ్బు లేదు. పెద్దలేమో "మనం అన్నం పెట్టినా మతం మార్చడానికే అంటారు, ఎందుకొచ్చిన గొడవ" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మాది విజయవాడ. సింగ్ నగర్ ఫ్లైఓవర్‌కి ఇవతల, ఒక సందు చివర ఉంటుంది మా మందిరం. రేకుల షెడ్డుగా మొదలై ఇప్పటికి శ్లాబు పడింది. రిజిస్టర్‌లో అరవై కుటుంబాలు. ఆటో తోలేవాళ్లు, ఆసుపత్రుల్లో నర్సులు, ఇళ్లలో పనిచేసే అక్కలు, కార్పొరేషన్‌లో పారిశుధ్య పని చేసేవాళ్లు, నాలాంటి ప్రైవేటు స్కూలు టీచర్లు. పన్నెండేళ్లుగా స్త్రీల సమాజం లెక్కలు రాసేది నేనే. అందుకని చేసిన మంచీ, చేసిన పొరపాట్లూ రెండూ నా పుస్తకంలో ఉన్నాయి.

ముందు పొరపాటే చెబుతాను. మొదట్లో మేమూ అందరిలాగే క్రిస్మస్‌కి విధవరాండ్రకి చీరలు పంచాం. సందులో షామియానా వేసి, మైకు పెట్టి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, పెద్దల చేతుల మీదుగా ఇప్పించి ఫోటోలు తీయించాం. ఆ ఫోటోలతో ఫ్లెక్సీ కూడా కట్టాం. నాలుగో రోజున మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న మామ్మ ఆ చీర మడత కూడా విప్పకుండా తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. "నేను చెయ్యి చాపిన బొమ్మ గోడకి వేలాడదీశారంటగా అమ్మా, నా మనవడు చూసి ఏడ్చాడు" అంది. ఆ రాత్రే వెళ్లి ఫ్లెక్సీ విప్పించాం. అది జరిగి చాలా ఏళ్లయింది, ఆ మాట మాత్రం నా చెవిలో అలాగే ఉంది. ఆ రోజు నుంచి మా సంఘంలో ఇచ్చేటప్పుడు ఫోటో తీయడం లేదు. మా పాస్టర్ అయ్యగారు కూడా ఈ విషయంలో గట్టిగా నిలబడ్డారు.

తర్వాతి ఏడాది ఏం ఇవ్వాలో మేం నిర్ణయించుకోలేదు. జనవరి, ఫిబ్రవరి రెండు నెలలూ శనివారం సాయంత్రాలు ఇద్దరిద్దరు ఆడవాళ్లం ఒక్కో వరసకి వెళ్లి కూర్చున్నాం. ప్రార్థన చేస్తామనలేదు, కరపత్రాలు పట్టుకెళ్లలేదు. "ఎలా ఉన్నారు, ఏం ఇబ్బందిగా ఉంది" అని అడిగాం, అంతే. డబ్బు అడుగుతారేమో, ఎక్కడి నుంచి తెస్తాం అని నేను లోపల భయపడ్డాను. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు దాదాపు అందరూ అన్న మాట వేరు. పింఛను వస్తోంది, రేషన్ బియ్యం వస్తున్నాయి, వండుకోవడమే కష్టంగా ఉందన్నారు. "ఒక్కదానికి ఏం వండుకుంటాం, పొద్దున వండింది రాత్రికి, రాత్రిది మళ్లీ పొద్దున్నే." కొడుకులు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉంటారు. మోకాళ్ల నొప్పులతో స్టవ్ ముందు నిలబడలేరు. మజ్జిగన్నంలో పచ్చడి నంజుకుని రోజులు గడిపేస్తున్నారు. ఆ నెలల్లో మేం తిరగకపోయి ఉంటే మళ్లీ చీరలే పంచేవాళ్లం.

అలా మొదలైంది కేరేజీ. సోమవారం నుంచి శనివారం దాకా మధ్యాహ్నం పన్నెండున్నరకి పదకొండు మందికి అన్నం, కూర, చారు. ఆ పదకొండు మందిలో మా సంఘం వాళ్లు నలుగురే.

బియ్యం ఎక్కడివంటారా? పిడికెడు బియ్యం. మీ సంఘంలో కూడా పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. అన్నం వండే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేసి, నెలకోసారి మందిరానికి తేవడం మన తెలుగు సంఘాల్లో పాత అలవాటు. మిజోరంలో ఇప్పటికీ సంఘాల ఖర్చుల్లో మంచి భాగం ఈ పద్ధతి మీదే నడుస్తుంది. మా దగ్గర ఒకప్పుడు ఆ బియ్యం పాస్టర్ గారి ఇంటికి వెళ్లేవి. జీతం కట్టడం మొదలయ్యాక అలవాటు సన్నగిల్లిపోయింది. పేట ముసలివాళ్ల కోసం దాన్ని మళ్లీ మొదలుపెడదామన్నది పాస్టరమ్మ గారే. ఆవిడ ఇంటికి రావలసిన వాటా గురించి ఆవిడే అలా అన్నాక ఇంకెవరు కాదంటారు.

లెక్క ఇదీ. ఆడవాళ్ల పిడికిట్లో సుమారు 50 గ్రాములు పడతాయి. రోజుకి ఒక పిడికెడు చొప్పున ఇంటికి నెలకి కిలోన్నర. అరవై ఇళ్లలో క్రమంగా తెచ్చేది ముప్పై అయిదు ఇళ్లు. అంటే నెలకి 50 కిలోలకి కాస్త అటూ ఇటూ. మనిషికి పూటకి 150 గ్రాములు వేసుకుంటే పదకొండు మందికి ఇరవయ్యారు రోజులకి 43 కిలోలు సరిపోతాయి. మిగిలినవి అత్యవసరానికి దాస్తాం. అన్నం మందిరం వెనక వంటగదిలో ఒక్కచోటే వండుతాం. కూర మాత్రం రోజుకొక ఇల్లు. నెలకి ఒకరోజు ఈ పదకొండు మంది కూర అదనంగా వండమంటే ఎవరికీ బరువు కాదు. గ్యాసుకి కోతల పండుగ డబ్బు వాడతాం, అంటే సంఘం వాళ్లు కానుకగా తెచ్చినవి మందిరంలో వేలం వేస్తే వచ్చే డబ్బు. మా కోతల పండుగలో ఒక గుమ్మడికాయ నాలుగుసార్లు అమ్ముడవుతుంది. పాడుకున్నవాళ్లు మళ్లీ బల్ల మీద పెట్టేస్తారు, ఇంకొకరు పాడతారు. ఆ కాయ చివరికి మర్నాటి కేరేజీలో దప్పళం అవుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది, మీకు ముందే చెప్పాలి. ముప్పై అయిదు ఇళ్ల బియ్యం ఒక్క డబ్బాలో పోస్తే వంట కుదరదు. ఒకరు సోనామసూరి తెస్తారు, ఒకరు రేషన్ బియ్యం, ఒకరు ఊరి నుంచి వచ్చిన కొత్త బియ్యం. సన్నవి ఉడికి ముద్దయ్యేసరికి లావువి ఇంకా పలుకుగానే ఉంటాయి. మొదటి నెల పళ్లు లేని ఆ ముసలివాళ్లకి అలాంటి అన్నమే పంపాం. వాళ్లు ఏమీ అనలేదు, కేరేజీ అడుగున లావు గింజలు మిగిలి వచ్చాయి. అప్పటి నుంచి ప్రతి మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక వంటగదిలో చాప పరిచి, తెచ్చినవాళ్లనే అడిగి మూడు డబ్బాల్లో పోస్తున్నాం: సన్నవి, లావువి, కొత్తవి. కొత్త బియ్యానికి నీళ్లు తగ్గించాలి. లావువి ఒక గంట ముందు నానబెట్టాలి, లేదంటే ఇడ్లీ, దోసెలకి వాడాలి. రేషన్ బియ్యం తెచ్చేవాళ్లు మొదట్లో సిగ్గుపడి గిన్నె మీద కొంగు కప్పుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడు లావు డబ్బా వేరే ఉంది కాబట్టి సూటిగా దాని దగ్గరికే వెళతారు. నాకు ఈ పని మొత్తంలో చాలా ఇష్టమైన అరగంట అది. ఎవరింట్లో డబ్బా ఎందుకు వెలితిగా వచ్చిందో కూడా అక్కడే తెలుస్తుంది. ఒక చెల్లెలి డబ్బా రెండు నెలలు వరసగా అడుగంటి వస్తే ఆరా తీశాం. ఆమె భర్తకి పని పోయిందట. మూడో నెల నుంచి బియ్యం అటు నుంచి ఇటు కాకుండా ఇటు నుంచి అటు వెళ్లాయి.

ఇప్పుడు మీ పెద్దల భయం సంగతి. అది ఉత్త భయం అని నేను అనను. మన సంఘాల్లో ఎక్కువమంది దళితులం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఉంచారు. కుల సర్టిఫికెట్ల గొడవలతో నలిగిన కుటుంబాలు పదిమంది కళ్లలో పడడానికి జంకుతాయి. ఆ జంకుని వెక్కిరించకండి.

కానీ దానికి జవాబు మన చరిత్రలోనే ఉంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, కూడు చూపించాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం వస్తున్నా, కరువు సహాయం నడుస్తున్నంత కాలం ఇవ్వనని ఆపేశాడు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన పట్టు. సహాయం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. దానికి ముందు ఆయన ఆపిన నెలల గురించి ఎక్కువగా చెప్పుకోరు. నాకు మాత్రం ఆ నెలలే ముఖ్యం. మా అయ్యగారు కేరేజీ మొదలైన ఆదివారం ఈ సంగతే చెప్పి ఒక నియమం పెట్టారు: కేరేజీ పట్టుకెళ్లే పిల్లాడు ఆ గుమ్మంలో సువార్త చెప్పకూడదు, చర్చికి రమ్మనకూడదు, కేరేజీ మీద వాక్యం స్టిక్కర్ ఉండకూడదు. వాళ్లంతట వాళ్లు ప్రార్థన చేయమని అడిగితే అప్పుడు సంతోషంగా చేస్తాం. నా విశ్వాసం నేను దాచుకోను, మందిరం మీద సిలువ అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆకలితో ఉన్న మనిషి కాదనలేని స్థితిలో ఉంటుంది కదా, అప్పుడు ఆమెని ఏమీ అడగకూడదని మా నమ్మకం.

అయినా అన్నీ సాఫీగా జరగవు. మా రెండో వరసలో ఒక పెద్దావిడ ఉంది, ఒంటరి. అడిగినప్పుడు "బియ్యం ఇవ్వండమ్మా, వండింది వద్దు" అంది. ఎందుకో మాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. తిరిగి వచ్చాక మా వాళ్లలో ఒకరు ఏడ్చేశారు. ఇంకొకరు "మన చేతి అన్నం పనికిరాదు గాని మన బియ్యం పనికొస్తాయా, మానేద్దాం" అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మా సంఘంలో అందరికన్నా పెద్దదైన అమ్మమ్మ అప్పుడు ఒకే మాట అంది: "ఆకలి ఆవిడది. ఆ ఆకలికే ఇస్తున్నాం, ఆవిడ బుద్ధికి కాదు." నెలకి నాలుగు కిలోలు సన్నబియ్యం ఇస్తున్నాం. ఆవిడ ఇప్పటికీ వండింది తీసుకోదు. నాకు అప్పుడు బాధే, ఇప్పుడూ బాధే. బియ్యం మాత్రం ఒక్క నెల కూడా ఆపలేదు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. మొదటి ఆదివారం కాబట్టి మాకు ప్రభురాత్రి భోజనం, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. మేం బల్ల అంటాం. శనివారం నుంచి ఒకటే వాన. ఆరాధన మధ్యలో ఫోన్లు మోగడం మొదలైంది. ఊరి పక్కన పారే బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయి, ఫ్లైఓవర్ అవతల సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ మునిగిపోతున్నాయి అని. మామూలుగా బుడమేరు మిగులు నీళ్లు కొంత కృష్ణలోకి మళ్లిస్తారు. ఆ రోజుల్లో కృష్ణే పొంగి ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. నీళ్లు పోవడానికి దారి లేక ఇళ్ల మీదికి వచ్చాయి. అయ్యగారు బల్ల ముగించి, ప్రసంగం చెప్పకుండా "ఇంటికెళ్లి ఎవరి దగ్గర ఉన్న గిన్నెలు వాళ్లు తెండి" అన్నారు.

పులిహోర వండాం, రోజంతా పాడవదు కాబట్టి. పులిహోరకి అన్నం పొడిపొడిగా ఉండాలి. ఆ రోజు మాకు సన్నబియ్యం డబ్బా వేరే ఉండడం ఎంత కలిసొచ్చిందో చెప్పలేను. ఇరవై కిలోలు వండితే రెండు వందల పొట్లాలు అయ్యాయి. సాయంత్రానికి గ్యాసు అయిపోయింది. ఏం చేయాలా అని చూస్తుంటే రిక్షా మీద ఒక నిండు సిలిండర్ వచ్చింది. రెండో వరస పెద్దావిడ పంపింది. చెప్పిన మాటేమీ లేదు, సిలిండర్ ఒక్కటే. రాత్రి వంట దాని మీదే అయింది.

మన కుర్రాళ్లు ఫ్లైఓవర్ దిగి నడుము లోతు నీళ్లలో పొట్లాలు పట్టుకెళ్లారు. తిరిగొచ్చి చెప్పింది వింటే మళ్లీ మా మొదటి పాఠమే. "అన్నం అందరూ తెస్తున్నారక్కా, మేడల మీద ఉన్నవాళ్లు మంచినీళ్లు అడుగుతున్నారు. పసిపిల్లలకి పాలు, కొవ్వొత్తులు, ఆడపిల్లలకి ప్యాడ్లు అడుగుతున్నారు." రెండో రోజు నుంచి వంట సగానికి తగ్గించి నీళ్ల డబ్బాలు, పాల ప్యాకెట్లు, ప్యాడ్లు పంపాం. ఆ శనివారం, సెప్టెంబర్ 7, వినాయక చవితి. మా సందు చివర పందిరి వేసే కుర్రాళ్లు ఆ ఏడు పందిరి చిన్నది వేసి, మిగిలిన చందా డబ్బుతో నీళ్ల డబ్బాలు కొని మా ఆటోలోనే ఎక్కించారు. వాళ్ల గుండిగలు వారం రోజులు మా వంటగదిలో ఉన్నాయి.

నీళ్లు తీశాక అసలు పని మొదలైంది. వీధి నిండా బురద పట్టిన పరుపులు, మిక్సీలు, ఫ్రిజ్‌లు. వాటికి మేం చేయగలిగింది లేదు. పదో తరగతి పిల్లల నోట్సులు మాత్రం కనిపించాయి మాకు. తడిసి అట్టలా అతుక్కుపోయినవి. మా మందిరంలో సాయంత్రం ట్యూషన్‌కి వచ్చే పిల్లలు తమ నోట్సులు తెచ్చి జిరాక్స్‌కి ఇచ్చారు, బొమ్మలున్న పేజీలు చేత్తో వేసిచ్చారు. ఇరవై ఎనిమిది సెట్లు. ఆ జిరాక్స్ బిల్లు మా లెక్కల పుస్తకంలో భద్రంగా అంటించి పెట్టుకున్నాను.

మిగతావి క్లుప్తంగా. మా మందిరం కుర్చీలు, టెంటు పేటలో ఎవరింట్లో చావు జరిగినా అద్దె లేకుండా ఇస్తాం. అర్ధరాత్రి అడిగినా తాళం ఎవరి దగ్గర ఉందో గేటు మీద రాసి ఉంటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక మా నర్సు చెల్లెళ్లు వరండాలో బీపీ చూస్తారు. వచ్చిన మనిషిని అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తున ఉంచి కొలవాలి, మెట్లెక్కి రాగానే కాదు. 140/90 దాటి వస్తే ఇంకో రోజు మళ్లీ చూసి, అప్పటికీ అలాగే ఉంటే దగ్గరి అర్బన్ హెల్త్ సెంటర్‌కి తీసుకెళతారు. మందులు మేం ఇవ్వం. ఒక బీపీ మిషను, ఒక నోటు పుస్తకం, అంతే ఖర్చు.

ట్యూషన్ పెట్టాలనుకుంటే ఒక్క జాగ్రత్త: పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తలుపులు తెరిచి ఉండాలి. ఎంత నమ్మకస్థుడైనా ఒక్కడిని వదలొద్దు.

డబ్బు గురించి ఒక మాట. సేవ మొదలుపెట్టామని తెలియగానే అమెరికాలో ఉన్న బంధువులు పంపుతామంటారు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా సంఘం ఖాతాలో విదేశీ విరాళం ఒక్క రూపాయి కూడా తీసుకోకండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు మన రక్తసంబంధీకులైనా వాళ్లు పంపేది విదేశీ విరాళం కిందికే వస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అలా లెక్కకట్టరు. తేడా తెలియక ఇబ్బందుల్లో పడిన సంఘాన్ని దగ్గరగా చూశాను. మా మట్టుకు మేం పేటలో పుట్టిన డబ్బుతోనే నడుపుతున్నాం. ప్రతి నెలా జమా ఖర్చులు కాగితం మీద రాసి గేటుకి బయటి వైపు అంటిస్తాం, సంఘం వాళ్లు కానివాళ్లు కూడా చదివేలా.

మీ నలభై కుటుంబాల్లో పది ఇళ్లు ఒప్పుకున్నా చాలు. నెలకి 15 కిలోలు, అంటే ముగ్గురికి కేరేజీ. పెద్దల మీటింగులో పెద్ద పథకంలా పెట్టకండి, ముగ్గురి పేర్లు చెప్పి అడగండి. ఫలానా సందులో ఫలానా తాత మధ్యాహ్నం ఏం తింటున్నాడో చెబితే కాదనే పెద్ద మనిషి మా సంఘంలో ఎవరూ లేరు, మీ సంఘంలోనూ ఉండరనే అనుకుంటున్నాను. డబ్బాలకి పాత హార్లిక్స్ సీసాలు చాలు, మూత గట్టిగా ఉండాలి. ప్రతి డబ్బాలో రెండు ఎండుమిరపకాయలు, నాలుగు ఎండిన వేపాకులు వేయమని చెప్పండి. వానాకాలం వస్తోంది, లేకపోతే పురుగు పడుతుంది.